ఆఫ్రికా దక్షిణభాగమునకు వెడలువారికి కొన్ని హితవులు



1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణము నుండి డర్బను రేవు చేరెను. అందలి జనులు చెఱకుతోటలలో కూలిచేయుటకు ఒడంబడిక వ్రాసియిచ్చినవారు. 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఆ రేవున దిగిరి. వారిలో తెలుగువారు అనేకులు. పోవు దేశ మెట్టిదో వారిలో పెక్కుమంది కెరుకలేదు. నేడు సొంత సొమ్ముతో పోవువానికి ఆ యెరుకలేమి తగదు.

మొట్టమొదట ఋతువు తెలియవలెను. అచట జూన్ మొదలు ఆగస్టు వరకు శీతకాలము. జొహాన్నెస్‌బర్గు సముద్రమట్టమునకు 1,700 మీటర్లకు పైన నున్నది. అచటి రాత్రులకు ఉన్నిబట్టలు తప్పవు. కేప్‌టౌనున వాన కురియునది ఆ చలిలోనే. తక్కిన సీమలలో పెక్కింట వేసవిలో కురియును. జాంబెజీ నదిపై విక్టోరియా జలపాతము చూడగోరువారు అక్టోబరు, నవంబరులలో పోయినచో జాంబియా ఒడ్డున వట్టిరాళ్ళే హెచ్చుగా కనబడును.

దక్షిణాఫ్రికా, నమీబియా, బోత్స్వానా, జింబాబ్వే మున్నగునవి వేర్వేరు రాజ్యములు. లెసోతో దక్షిణాఫ్రికా నడుమనే యున్నను పరదేశమే. ఒక్కసారి ప్రవేశమునకే వీసా పొందినవాడు సరిహద్దు దాటిపోయిన, తిరిగి వచ్చుట దుర్ఘటము. దక్షిణాఫ్రికా నాణెమైన ర్యాండు నమీబియా, లెసోతో, ఎస్వాతినీలలోను చెల్లును.

ఆరోగ్యవిషయమున అశ్రద్ధ కూడదు. డర్బను, కేప్‌టౌను నగరములలో మలేరియా భయము లేదు. క్రూగరు అడవి, మొజాంబికు, జాంబియా ప్రాంతములలో కలదు. వైద్యుని అడిగి ముందే మందు తెచ్చుకొనవలెను. ఎల్లో ఫీవరు గల దేశపు విమానాశ్రయమున 12 గంటలకు మించి ఆగి దక్షిణాఫ్రికా పోవువాడు టీకాపత్రము చూపవలెను. ఆ టీకా ప్రయాణమునకు 10 దినములకు ముందే వేయించుకొనవలెను.

క్రూగరు వనము 1926లో జాతీయవనమైనది. వైశాల్యము సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. అనుమతించిన తావులలో తప్ప బండి దిగరాదు. సూర్యాస్తమయమునకు ద్వారములు మూయుదురు. ఫొటో కొఱకు తలుపు తీసిన యాత్రికుని సింహము అతిథిగా ఎంచదు. నగరములలో రాత్రివేళ ఒంటరిగా నడచుట, వీథిలో డబ్బు లెక్కించుట మానవలెను. ఏ త్రోవ మంచిదో బసలోనివారినే అడుగవలెను.

మర్యాద వీనికన్న ముఖ్యము. దారి యడుగుటకు ముందు పలకరింపవలెను. జూలూ భాషలో ‘సావుబోనా’ యందురు. ‘నిన్ను చూచితిమి’ అని దాని భావము. పెద్దలిచ్చునది రెండుచేతుల నందుకొనుట మనకువలెనే వారికిని వినయము.

డర్బను ప్రాంతమున తెలుగువారి సంతతి నేటికిని కలదు. 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. వారిలో పెక్కుమందికి ఇపుడు ఇంగ్లీషే ఇంటిభాష. తెలుగు రాదని వారిని చూచి నవ్వుట పాపము. బడిలేని తోటలలో, కూలిబ్రతుకులో, తరతరములుగా ఆ మాటను నిలుపుకొనుట ఎంతకష్టమో ఊహింపవలెను. కలసినతోడనే కులమడుగుట అంతకన్న తప్పు. ఓడ దిగినవారి పట్టికలు డర్బను దస్తావేజుల భాండారమున నున్నవి. వానిలో పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము వ్రాసిరి. గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయుటచే ఊళ్ళపేర్లు గుర్తుపట్టరానంత మారినవి. అచటివారెవరైన అట్టి పేరొకటి చూపి “ఇది ఎచట?” అని యడిగినచో, యాత్రికుడు దానిని శ్రద్ధగా వ్రాసుకొని రావలెను. తిరిగివచ్చి విచారింపవలెను. నూరేండ్ల క్రిందట చెదరిన కుటుంబమునకు ఒక ఊరిపేరు దొరకుట సామాన్యమైన కానుక కాదు.

పోవునపుడు పటమును, మందును, ఉన్నిబట్టను మరువకుడు. వచ్చునపుడు ఆ చీటిని మరువకుడు.