సిమెంటు బిగువు – కలుపు మందులు

పంచాయతీ సభ్యులారా,

నేడు గ్రామములందు బడిగదులు, కల్వర్టులు, నీళ్ల ట్యాంకులు కట్టబడుచున్నవి. సొమ్ము ప్రజలది, పనిని కనిపెట్టి చూచు బాధ్యత మీది. "ఈ మందు కలిపినచో సిమెంటు త్వరగా బిగియును" అని ఎవరైనను చెప్పినపుడు అందలి మంచిచెడ్డలు మీరెరిగియుండవలెను.

సిమెంటు ఎండుటవలన గాక, నీటితో జరుగు రసాయనిక చర్యవలన గట్టిపడును. కాల్చిన క్లింకరును ఉన్నదున్నట్లు పొడిచేసి నీరు పోసినచో కొద్ది నిమిషములలోనే బిగిసిపోవును. అందుచే కర్మాగారమందే కొంత జిప్సము చేర్చి నూరుదురు. భారత ప్రమాణము ననుసరించి సాధారణ సిమెంటు 30 నిమిషములకు ముందు బిగియ నారంభింపరాదు. 10 గంటలలో పూర్తిగ బిగియవలెను.

ఎండ తీవ్రముగ నున్నపుడును, కాంక్రీటు దూరమునుండి రావలసినపుడును బిగువును ఆలస్యపరచు మందులను వాడుదురు. చలిలో తొందరపరచు మందులను వాడుదురు. కాల్షియం క్లోరైడు అట్టి తొందర మందు. కాని అది ఇనుమునకు శత్రువు. చువ్వలుగల స్లాబులో కలిపినచో లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బును. కాలక్రమమున పెచ్చు లూడును. బడిపిల్లల తలలపై నుండు కప్పునకు ఇది తగునా?

పంచదార, బెల్లము దీనికి విరుద్ధముగ పనిచేయును. 50 కిలోల బస్తాకు 25 గ్రాముల పంచదార చేరినను బిగువు గంటలకొలది ఆలస్యమగును. పూర్వులు సున్నములో బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి కట్టిరి. సున్నమునకు చెల్లిన ఆ పద్ధతి సిమెంటునకు చెల్లదు. చెరకు పండు గ్రామములందు పానకపు పీపాలను కడుగక కాంక్రీటు నీటికి వాడనీయకుడు.

మందు డబ్బాపై ఐ.ఎస్. 9103 ప్రమాణము, మోతాదు కలవేమో చూడుడు. ఇంజనీరు వ్రాతమూలకముగ అనుమతించిన పిదపనే, కొలిచి కలుపవలెను; చేతివాటముగ పోయరాదు. బిగియ నారంభించిన మాలులో మరల నీరు పోసి కలుపుట ఎన్నడును కూడదు.

బిగియుట వేరు, బలము వచ్చుట వేరు. త్వరగా బిగిసినదని ఊతకర్రలను ముందే తీయనీయకుడు. ఏ మందు వాడినను కనీసము 7 దినములు, పొడియెండలలో 10 దినములు తడి ఆరనీయరాదు.

బిల్లుపై సంతకము చేయుటకు ముందు ఈ సంగతులను విచారింపుడు. మీ గ్రామపు కట్టడము మీ మనుమల కాలమునకును నిలుచును.