జోడేఘాట్ దారి

 

మనవరాలు అమెరికాలో చెరోకీల ఊళ్లు చూసొచ్చింది. 1821లో సెకోయా అనే ఆయన వాళ్ల భాషకు లిపి కట్టాడట. "మన దగ్గర అలాంటివి లేవా తాతయ్యా?" అంది. ఎందుకు లేవు? గోండీకి ఆదిలాబాదు గుంజాలలో లిపి ఉంది. రెజిమెంటల్ బజారులో జీపు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ బయలుదేరాం. నడుముల సంగతి అడక్కండి.

ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర దిగాం. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిన చోటది. సర్కారు లెక్క 13 మంది. అక్కడివారి లెక్క అంతకు ఎన్నో రెట్లు. ముప్ఫైనాలుగేళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి. ఫైల్లోకి ఎక్కని చావు ఏమవుతుందో పిల్లకు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు చూశాం. 1940 తర్వాత నిజాం ప్రభుత్వం కోరగా వచ్చిన ఆ ఆస్ట్రియా పండితుడు గోండులకు పట్టాలిమ్మని, బడులు పెట్టమని రాశాడు. కాగితం మేలు చేసిన సందర్భాల్లో అదొకటి.

అడవిలో పశువులు మేసినా పన్నడిగితే ఎదురు తిరిగిన కొమురం భీము 1940లో నేలకొరిగింది జోడేఘాట్‌లో. దారిలో ఒక గూడెంలో ఓ పెద్దాయన జొన్నరొట్టె పెట్టి, తన హక్కుపత్రం చదివి చెప్పమన్నాడు. పత్రంలో రెండెకరాలు, దున్నేది ఐదు. మిగతా మూడింటికీ అర్జీ అక్కడే కూర్చుని రాసి, పోస్టులో పంపాను. అందినట్టు రసీదు ఇంకా రాలేదు. సోమవారం రిమైండరు వేస్తున్నాను.