పసుపు విత్తనం మన చేతిలో ఉండాలె

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)



మన ఆర్మూరు దిక్కు సంఘం అప్పు తీసుకునే సభ్యులలో చాలామంది పసుపు పెట్టుబడికే తీసుకుంటున్నాము. ఎకరం వేయాలంటే 8 నుండి 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. ఖర్చులో పెద్ద భాగం అక్కడే పోతుంది. మరి అంత పైసలు పెట్టి తెచ్చిన విత్తనం ఏ రకం, ఏ చేనుది, ఆ చేన్ల దుంపకుళ్లు ఉండెనా అని ఎందరం అడుగుతున్నాము? ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

పసుపు పూస్తది గాని గింజ కట్టడం అరుదు. దాని కణాలలో క్రోమోజోములు మూడు వరుసలు ఉండడమే కారణం. అందుకే మనం దుంపనే విత్తనంగా పెడతాము. తల్లి ఎట్లుంటే పిల్ల అట్లనే వస్తది. వరి, మక్కల లెక్క రెండు రకాలు కలిపి కొత్తది చేయడం ఇందులో కష్టం. కాబట్టి శాస్త్రవేత్తలు ఊరూరి దుంపలు తెచ్చి, పక్కపక్కన పెంచి, మంచివి ఏరి, ఏండ్ల తరబడి పరీక్షించి రకం విడుదల చేస్తారు. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రగతి రకం 6 నెలలకే చేతికి వస్తది. మన పాత రకాలకు 8, 9 నెలలు పడుతుంది. అదే సంస్థ ప్రభ, ప్రతిభ రకాలను అరుదుగా దొరికిన గింజల మొక్కల నుండి ఏరి తీసింది. వాటిలో కుర్కుమిన్ 6 శాతం పైనే. మన కమ్మర్‌పల్లిలోనూ పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది.

రకం ఎంచుకునేటప్పుడు పచ్చి బరువు చూసి మురవొద్దు. 100 క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే ఒక రకం 18 క్వింటాళ్లు, ఇంకో రకం 22 క్వింటాళ్లు ఇచ్చిందనుకోండి. కూలి అదే, కట్టెలు అవే, కాని 4 క్వింటాళ్లు తేడా. కుర్కుమిన్ కూడా నేలను బట్టి మారుతుంది. అందుకని ముందు కొంచెం జాగాలో వేసి చూసుకోవాలి.

అక్కలారా, పసుపు తవ్వినంక కొమ్ము, మండ వేరు చేసేది ఎవరు? విత్తనం ఏరి నీడన కుప్ప పోసేది ఎవరు? మనమే. ఏరే పని మనది, ఏ రకం వేయాలన్న మాట మాత్రం మనల్ని అడగరు. మనలో చాలామంది పేరు మీద భూమి కూడా లేదు.

అందుకే నా ప్రతిపాదన. ప్రతి గ్రామ సంఘం 10 గుంటలు కౌలుకు తీసుకొని విత్తన మడి పెట్టాలి. మొదటి విత్తనం పరిశోధన కేంద్రం నుండే తేవాలి. ఆకు పచ్చగున్నప్పుడే మంచి మొక్కలకు గుర్తు పెట్టాలి. కుళ్లు వచ్చిన చోటు నుండి ఒక్క దుంప కూడా విత్తనానికి తీయవద్దు. రకాలు కలవనీయవద్దు. నాటే ముందు లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి, అరగంట నానబెట్టి, నీడన ఆరబెట్టాలి.

ఒక్క కన్ను ఉన్న చిన్న ముక్కలను ట్రేలలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి పెంచి, నెల రోజులకు నాటితే విత్తనం దాదాపు మూడో వంతుతో సరిపోతుంది. ఈ నారు పెంచి అమ్మే పని భూమి లేని మన సభ్యులకు ఇద్దాము.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు దగ్గరికి ఒక్కొక్కరం పోతే రైతు భార్య అంటరు. విత్తన మడి ఉన్న సంఘంగా పోతే విత్తన రైతులు అంటరు.

సమాఖ్య నిధి నుండి ఈ మడులకు అప్పు ఇవ్వాలని ఈ సభలోనే తీర్మానం చేయాలని కోరుతున్నాను. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.