లెక్క రాసుకున్నవాడికే హక్కు నిలుస్తుంది

(స్వయం ఉపాధి ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

గత ఏడాది మా బస్తీ యువకుడొకడు కన్నీళ్లతో నా దగ్గరకు వచ్చాడు. ఒక సంస్థ వార్షికోత్సవానికి ఫోటోలు తీసి 60,000 రూపాయల బిల్లు ఇస్తే, ఖాతాలో పడింది 54,000. "చాచా, నా పేరు చూసి కోశారు" అన్నాడు. అటువంటి కోతలు మనం ఎరుగనివి కావు. కాని ఆనాడు జరిగింది అది కాదు. ఆదాయపు పన్ను కింద ముందుగా మినహాయించి, అతని పాన్ నంబరుపై ప్రభుత్వానికి జమ చేసిన టీడీఎస్ అది. 26ఏఎస్ పత్రంలో ఆ 6,000 చూపించాను. అతని ఆదాయం పన్ను పడే స్థాయిలో లేదు కనుక, రిటర్ను దాఖలు చేశాక ఆ సొమ్ము తిరిగి వచ్చింది.

రిటర్ను వేయకపోతే సొమ్ము పోయేది. మనసులో అపోహ మిగిలేది. నియమమేదో, అన్యాయమేదో తేల్చి చెప్పేది కాగితమే. నిజంగా అన్యాయం జరిగిననాడు సాక్ష్యం పలికేదీ ఆ కాగితమే.

కాబట్టి వృత్తికి వేరుగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ప్రతి పనికీ వరుస నంబరుతో బిల్లు ఇవ్వండి. ఆల్బమ్ ముద్రణ, ప్రయాణం, సహాయకుని కూలి రసీదులు దాచండి. ఆదాయపు పన్ను ఖర్చులు పోగా మిగిలిన లాభంపైనే. పాన్ ఇవ్వకుంటే టీడీఎస్ 20 శాతానికి పెరుగుతుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటే వరకు సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయరాదు.

ఇక గిరాకీ సంగతి. మన నికాహ్‌లు, వలీమాలు మాత్రమే నమ్ముకుంటే రంజాన్‌లో, ముహర్రంలో చేతులు ఖాళీ. శ్రావణ, మాఘ మాసాల ముహూర్తాలకు పొరుగువారి ఇళ్లకూ వెళ్లండి. బడుల వార్షికోత్సవాలు, దుకాణాల సరుకుల ఫోటోలు ఏడాది పొడవునా దొరికే పనులు. జనానాలో ఫోటోలకు మహిళలే కావాలనే కుటుంబాలు ఎన్నో. మన కూతుళ్లకు అక్కడ గౌరవప్రదమైన ఉపాధి ఉంది. మొదటి పని చక్కగా చేసి, చెప్పిన తేదీకి ఆల్బమ్ ఇస్తే, ఆ ఇంటివారే మరో ఇంటికి మీ పేరు చెబుతారు.

పని ఒప్పుకునే ముందే తేదీ, మొత్తం, బయానా, ఆల్బమ్ ఇచ్చే గడువు రాసి ఇరువురూ సంతకం చేయండి. బంధువైనా సరే. అప్పు లావాదేవీలను రాసుకొమ్మని అల్ బఖరా సూరా 282వ ఆయతు మనకు ఆదేశిస్తున్నది. రాతను అనుమానంగా భావించేవారు దానిని గుర్తు చేసుకోవాలి.

ఉద్యమ్ నమోదు ఉచితం. దానికోసం దళారికి డబ్బివ్వకండి. నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. చెల్లించకుంటే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది మీ బిల్లునే.

మన మహల్లాల్లో చదువుకున్న విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. నెలకొక ఆదివారం మసీదు ప్రాంగణంలో కూర్చుని ఈ బిడ్డల లెక్కలు చూడలేమా? నేను సిద్ధం. మీరూ రండి.

అల్లాహ్ మీ హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.