జొన్నమల్లెను ఒంటరిగా గెలవలేం
(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జొన్న చేలో పదునున్నా ఒక్కోసారి పైరు వడలిపోతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. తెగులేమోనని మందు కొడతాం. కొన్ని వారాలకు జొన్న మొదట్లో చిన్న తెల్లపూల మొక్క లేస్తుంది. అదే జొన్నమల్లె. మన కంట పడేసరికే అది నేలలో జొన్న వేరును పట్టుకుని సారమంతా పీల్చేసి ఉంటుంది.

వేరు ఉన్న చోటు దానికెలా తెలిసింది? భాస్వరం, నత్రజని చాలని నేలలో జొన్న వేరు కొన్ని పదార్థాలను ఎక్కువగా వదులుతుంది. వాటి పేరు స్ట్రిగోలాక్టోన్లు. 1966లో వీటిలో మొదటిదాన్ని పత్తి వేర్ల నుంచి వేరుచేశారు. భాస్వరం అందించే మేలుచేసే శిలీంధ్రాన్ని వేరు ఇలా పిలుస్తుందని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పిలుపునే జొన్నమల్లె విత్తనం కూడా పసిగట్టి మొలకెత్తుతుంది. పిలుపు అందకపోతే పదేళ్ళయినా మట్టిలో అలాగే పడి ఉంటుంది. మొలిచాక వేరు దొరక్కపోతే మాత్రం కొద్ది రోజుల్లోనే చస్తుంది.

మన ఉపాయమంతా ఇక్కడే ఉంది. పత్తి, వేరుశనగ వేర్లు దాన్ని మొలిపిస్తాయి, కానీ తిండి పెట్టవు. అందుకే జొన్న వెనక జొన్న వేయకుండా పంట మార్చాలి. పశువుల ఎరువు తోలాలి. భూసార పరీక్షను బట్టి భాస్వరం, నత్రజని అందించాలి. మల్లె మొక్కను పూతకు రాకముందే పీకి తగలబెట్టాలి. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. అవి దుమ్ములా సన్నగా ఉండి నాగలితో, పశువులతో, వాననీటితో పక్క చేలోకి పోతాయి. ఒక్కరు పీకితే చాలదు. ఊరంతా ఒకే వారంలో పీకాలి. గ్రామ కమిటీలు ఈ పని నెత్తికెత్తుకోవాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవీ ఉన్నాయి. ఇథియోపియాలో పుట్టిన శాస్త్రవేత్త గెబిసా ఎజెటా జొన్నమల్లెను తట్టుకునే జొన్న రకాలు తయారుచేశారు. 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఆయన రకాల్లో బలం ఏమిటంటే, వాటి వేర్లు ఈ విత్తనాన్ని అంతగా మొలిపించవు. అలాంటి గుణమున్న రకాలను మన నేలల్లో పరీక్షించి, విత్తనం మన చేతికివ్వాలి. భూసార పరీక్ష ఫలితం విత్తే ముందే అందాలి. ఏటా చేను మారే కౌలు రైతు పంట మార్పిడి ఎలా చేస్తాడు? మూడు నాలుగేళ్ళ కౌలుకు రక్షణ కావాలి.

మట్టిలో ఉన్న విత్తనం ఏ గట్టు ఎవరిదని చూడదు. దాన్ని తరిమే పనిలో మనమూ గట్లు చూసుకోవద్దు.