మోటారు సైకిలు చైను, పళ్ళ చక్రాలు



ఎద్దుకు మేత వేశామా, నాడాలు అరిగినవా అని రోజూ చూసుకొనే అలవాటు మనకు వున్నది. ఈనాడు పాలకేంద్రానికి క్యాను చేర్చాలన్నా, సంతకు కూరగాయల మూట వేయాలన్నా చాలా ఇండ్లలో మోటారు సైకిలే దిక్కు. ఇంజను బలాన్ని వెనుక చక్రానికి అందించేది చైను. దాన్ని మాత్రం తెగేదాకా చాలామంది పట్టించుకోరు. అందుచేత ఈ చైనునూ, దాన్ని తిప్పే పళ్ళ చక్రాలనూ, అంటే స్ప్రాకెట్లనూ గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

1880లో మాంచెస్టరు నగరంలో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతే నేటికీ నడుస్తున్నది. పిన్ను మీద బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు. చైను సాగిందని అంటాం గాని, ఇనుప పలకలు సాగవు. పిన్నూ బుష్షూ ఒరుసుకొని అరుగుతవి. ఒక్కొక్క లంకెలో వెంట్రుకవాసి అరిగినా, అన్ని లంకెలూ కలిస్తే చైను పొడుగవుతుంది. అప్పుడు రోలరు పంటి అడుగున కూర్చోక పైకెక్కుతుంది. బరువు మీద టకటకమని జారుతుంది. ఒకనాడు తెగుతుంది. తెగిన చైను ముందు పళ్ళ చక్రానికి చుట్టుకుంటే ఇంజను పెట్టె పగలవచ్చు. వెనుక చక్రం బిగుసుకుపోయి మనిషే పడవచ్చు.

మార్చే వేళ అయిందని తెలిసేదెట్లా? చిన్న బండ్లకు ఎక్కువగా 428 రకం చైను వుంటుంది. ఆ అంకె పలక మీదనే చూడవచ్చు. చైనును బిగువుగా లాగి 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను నడుమ నుంచి 21వ పిన్ను నడుమకు కొత్తదైతే 254 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 10 అంగుళాలు వుంటుంది. 259 దాటితే ఇక దాని పని అయినట్టే. కొలబద్ద లేకపోతే వెనుక పళ్ళ చక్రం వెనుకవైపు చైనును పట్టి లాగండి. సగం పన్ను బయటపడితే చైను అరిగినట్టు. పళ్ళు కొడవలి మొనల్లా ఒకవైపు వంగితే చక్రాలూ అరిగినట్టే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. ఖర్చు చూసుకొని చైను ఒక్కటే మార్పిస్తారు. ముసలి ఎద్దుకు కోడెగిత్తను జోడు కట్టినట్లు, అరిగిన పళ్ళు కొత్త చైనును కొద్దికాలంలోనే తినేస్తవి. ముందు చక్రం, వెనుక చక్రం, చైను మూడూ ఒకేసారి మార్చుకోవడమే చివరకు చవక. 420 చైను లంకె కూడా అర అంగుళమే, కాని వెడల్పు తక్కువ. 428 పళ్ళ మీద అది కూర్చోదు. పాతదానిలో ఎన్ని లంకెలో కొత్తదానిలోనూ అన్నే వుండాలి.

పళ్ళ లెక్క కూడా అడగండి. ముందు 14, వెనుక 42 వున్నవనుకుందాం. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనుకది ఒక చుట్టు. ముందు 13 వేయిస్తే లాగే బలం కొంచెం పెరుగుతుంది, కాని అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరగాలి. కంపెనీ వేసిన లెక్కే సామాన్యంగా మేలు.

బిగించేటప్పుడు చైనుకు కొంత వదులు వుండాలి. చిన్న బండ్లకు కింది చైను నడుమ పైకీ కిందికీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడడం మామూలు. మీ బండి పుస్తకంలోని అంకెనే పాటించండి. మనిషీ మూటా ఎక్కగానే చైను ఇంకా బిగుస్తుంది. అతిగా బిగిస్తే బేరింగులు పోతవి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, బిగువైన చోట సరిచేయాలి. రెండు పక్కల గుర్తులూ సమంగా వుండాలి. చైను లాకు క్లిప్పు మూసిన కొన చైను నడిచే దిక్కుకు వుండాలి సుమా!

దమ్ము చేసే రోజుల్లో బురద, ఇసుక చైనుకు శత్రువులు. ఎరువు మూట వేసినప్పుడు రాలే గుళికలూ ఇనుమును తింటవి. కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు లోపలివైపు వేసి, మిగిలినది తుడిచేయండి. కాలిన ఇంజనాయిలు వద్దు. అందులో ఇనుప రజను వుంటుంది. రబ్బరు రింగుల చైనుకు పెట్రోలు తగలనీయకండి.

అన్నిటికంటె ముఖ్యం ఇది. ఇంజను నడుస్తుండగా, గేరులో చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైను తుడవకండి. గుడ్డతోపాటు వేళ్ళు పోతవి. తాళం చెవి తీసి జేబులో వేసుకొని, చేత్తోనే చక్రం తిప్పండి. చైను మూత, చీర గార్డు తీసివేయకండి. వెనుక కూర్చునే ఆడవాళ్ళ ప్రాణం వాటిమీద వున్నది.

ఈ ఆదివారం ఒక్క పావుగంట మీ బండి చైనుకు కేటాయించండి.