న్యాయనిర్ణేత గొంతు

అమెరికాలో యువకులు కవాతు చేయుచు డ్రమ్ములు, బాకాలు వాయించే పోటీలు ఉన్నవి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ వారి మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్‌లో జరిగినది. 1983 వరకు ఆ న్యాయనిర్ణేతలు పట్టుబడిన ప్రతి తప్పుకు కాగితముపై ఒక గీత గీసెడివారు. గీతకు పదవ వంతు మార్కు కోత! తప్పు ఎవరిదో, ఎందుకు జరిగెనో ఆ గీత చెప్పదు. 1984లో ఆ పద్ధతి తీసివేసిరి.

టేపు మాత్రము వేరు. అక్కడ వాయించిన నా మిత్రుడొకరు తన పాత క్యాసెట్టు వినిపించారు. న్యాయనిర్ణేత రికార్డరు పట్టుకొని వాద్యకారుల మధ్యనే నడచుచు, వినినది విన్నట్లు అప్పటికప్పుడే చెప్పుచున్నాడు. రొప్పు వినబడుచున్నది, దగ్గరకు పోగానే డ్రమ్ముల మోతలో మాట మునిగిపోవుచున్నది. ఎడమ చివరివాని కర్ర మిగతావారికంటె ఎత్తుగా లేచుచున్నదని అన్నాడు. కొంతసేపు మౌనము. ఇప్పుడు సరిచేసుకొన్నాడు, బాగున్నదని మరల అన్నాడు. న్యాయాధిపతి అనగానే మనకు భయమే గదా. ఈయన ఆ పిల్లవానికోసం ఆగి మరల విన్నాడు.

ఆ చివరివాడు నా మిత్రుడే. ఆ టేపు ప్రేక్షకులకు కాదు, శిక్షకులకే ఇచ్చెడివారు. వారు దానిని జట్టుకు వినిపించిరట. ఆ ఏటి మార్కులు ఆయనకు జ్ఞాపకము లేవు. నేడు ఆ వ్యాఖ్యలు డిజిటల్ రికార్డింగులుగా అందుచున్నవి. ఆయన క్యాసెట్టు రీలు సాగి గొంతు బరువెక్కినది, అయినను పారవేయలేదు.